ఉడికిన కుండ

పెళ్లయిన కొత్తలో మా ఆయన చేయి పట్టుకుంటే నాకు ఒళ్లు జలదరించేది. సిగ్గుతో కాదు, అంత సుకుమారం నాకు ఎప్పుడూ లేదు. ఆ చేతికి గీతలు లేవు. వేళ్ల కొసలు నున్నగా అరిగిపోయి ఉండేవి. అరచేతిలో చర్మం ఉల్లిపొరలా లేచి, కింద ఎర్రగా పచ్చిదనం కనబడేది. మా పుట్టింటివాళ్లూ చేపలు పట్టేవాళ్లే, కానీ ఇలాంటి చేతులు నేను చూడలేదు. "ఏం రోగమిది? ముందే ఎందుకు జెప్పలే?" అని అడిగేశాను. నా నోరు మంచిది కాదని ఇబ్రహీంపట్నంలో మా వాడ వాడంతా అనేది. నిజమే, నేనెప్పుడూ కాదనలేదు.

"రోగం గాదు, కుండ," అన్నాడాయన పెరటివైపు చూపిస్తూ.

పెరట్లో ఎండ సూటిగా పడే గోడ వారన పెద్ద పెద్ద కుండలు మెడ దాకా మట్టిలో పాతి ఉండేవి. ఎండబెట్టడానికి చేపలు కోసినప్పుడు పేగులు, తలలు, మొప్పలు, రెక్కలు మిగులుతాయి కదా, మిగతా ఇళ్లవాళ్లు వాటిని కుక్కలకు విసిరేసేవాళ్లు. మా అత్తగారింట్లో ఒక్క పేగు కూడా బయట పడేది కాదు. అంతా కుండలో వేసి, పచ్చి బొప్పాయి కాయలను తొక్కతో సహా తరిగి, వాటి పాలు కారుతుండగానే కలిపి, కాసిని నీళ్లు పోసి, మూతికి గుడ్డ కట్టేవాళ్లు. ఎండాకాలమైతే కొద్దిరోజుల్లోనే మాంసమనేది కనబడకుండా పోయేది. ముదురు రంగు నీళ్లు పైకి తేలేవి, పొలుసులూ ముళ్లూ అడుగున పడేవి. ఆ నీళ్లను వడగట్టి, పలుచన చేసి మిరప తోటకు పోస్తే ఆకు నల్లగా నిగనిగలాడేది. కొంగరకలాన్ వైపు నుంచి తోటలవాళ్లు బండి కట్టుకుని వచ్చి, జొన్నలు ఇచ్చి పట్టుకుపోయేవాళ్లు.

వాసన సంగతి అడగొద్దు. మొదటి నెలంతా నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే అన్నం వండాను. మా అత్తకు అది నచ్చేది కాదు. "కుళ్లుడు వేరు, కరుగుడు వేరు పిల్లా. కుళ్లితే పురుగు పడుతది. కరిగితే పంట పండుతది. మంచిగ వాసన జూడు," అని నా తల కుండ మీదికి వంచేది. నిజంగానే తేడా ఉంది. మంచి కుండ కాస్త పుల్లగా, నిలవ చింతపండు దగ్గరికి వచ్చే వాసన వేస్తుంది. చెడిన కుండ దగ్గరికైతే కాకి కూడా రాదు.

ఆలస్యంగా చదువు నేర్చుకుని, దొరికిన ప్రతి పుస్తకం చదివే పిచ్చి పట్టాక, ఎక్కడో ఎంజైమ్ అనే మాట చదివాను. చేప పేగుల్లో దాని తిండిని అరిగించే ఎంజైములు ఉంటాయట, చేప చచ్చినా అవి చావవట. అవి దాని ఒంటినే అరిగిస్తాయట. బొప్పాయి పాలలో ఉన్నదీ ఆ పనే చేస్తుందట. రెండూ కలిసి మాంసకృత్తులను కొరికి కొరికి నీళ్లు చేస్తాయి. మరీ వేడి తగిలితే మాత్రం పని మానేస్తాయి. ఆ చివరి వాక్యం దగ్గర పుస్తకం మూసేశాను.

కుండను రోజూ కలపాలి. మా ఇంట్లో దాన్ని కట్టెతో కలపరు. ఇంటి మగవాడు మోచేతి దాకా చేయి ముంచి అడుగు నుంచి కలపాలి. ఏ ముద్ద ఇంకా గట్టిగా ఉందో, ఏది వేళ్ల మధ్య జారిపోతోందో చేతికే తెలుస్తుందని మామ నేర్పిపోయాడట. చేతికి ముందు ఆముదం రాసుకోవాలి, తీశాక బూడిదతో రుద్ది కడుక్కోవాలి. మా ఆయనకు అంత ఓపిక ఎక్కడిది? తిన్నగా ముంచేసేవాడు. చచ్చిన చేపను తినే నీళ్లకు బతికిన చేయి ఒక లెక్కా? పై చర్మమంతా తినేసింది. నొప్పి లేదా అంటే నవ్వేవాడు. మిరపకాయ కూర కలుపుకున్నప్పుడు మాత్రం కళ్లల్లో నీళ్లు తిరిగేవి.

ఇదంతా అలా సాగిపోతే నేను రాయడానికి ఏమీ ఉండేది కాదు. కానీ రోజులు అట్లాంటివి. రజాకార్ల భయానికి నీళ్లు తగ్గిన చెరువు శిఖంలో తుంగ మధ్య దాక్కున్నవాళ్లం మేము. పోలీసు యాక్షన్ అయి యూనియన్ మిలిటరీ వచ్చినప్పుడు, ఇక పీడ విరగడైందని మా అత్త కొబ్బరికాయ కొట్టింది. ఆ కొబ్బరి ముక్క అరిగేలోపే మిలిటరీవాళ్లు కమ్యూనిస్టు సంఘం వాళ్ల కోసం వెతకడం మొదలుపెట్టారు. చెరువు కట్ట దిగువన డేరాలు వేశారు. సంఘం వాళ్లకు అన్నం పెట్టని ఇల్లు మా వైపు లేదు. మేమూ అడిగినప్పుడు ఎండుచేపలు ఇచ్చాం. అంతకు మించి మా ఆయనకు ఆ గొడవతో ఏ సంబంధమూ లేదు. ఆయన లోకమంతా వల, తెప్ప, కుండ.

ఆ ఎండాకాలంలో రోడ్డు మీద ఎక్కడో లారీలు వాగు దాటే ఒక మోరీని పేల్చేశారని పుకారు వచ్చింది. అది మొదలు మిలిటరీవాళ్లు మగవాళ్ల చేతులు చూడసాగారు. ఊరి బయట నిలబెట్టి అరచేతులు చాపమనేవాళ్లు. కాయలు కాచి ఉంటే నాగలి పట్టేవాడని వదిలేస్తారు. మెత్తగా ఉంటే పట్నం నుంచి వచ్చి దాక్కున్న పార్టీ మనిషి. కాలి ఉంటే బాంబు చుట్టినవాడు. పక్క వాడలో ఒకతన్ని చేతి మీద బొబ్బలు ఉన్నాయని లారీ ఎక్కించారు. బెల్లం వండుతుంటే కాలాయని వాళ్లావిడ లారీ వెనక మైలు దూరం పరిగెత్తింది.

ఆ మాట విన్న రోజు ఇంటికి వచ్చి మా ఆయన చేతులు చూశాను. ఏ మిలిటరీవాడైనా వాటిని చూసి ఏమనుకుంటాడు?

"ఈ కుండలు బంద్ జేయి. చేతులు మానిందాక ముట్టకు," అన్నాను.

"మిరప తోటలోళ్లు అడుగుతున్నరు. నడుమ ఆపితే కుళ్లిపోతది. నేనేం తప్పు జేసిన? ఫికర్ జేయకు," అన్నాడు.

"నీ తప్పు ఎవడు జూస్తడు? నీ చేతులు జూస్తడు," అని అరిచాను. ఆయన తల ఊపి పెరట్లోకి పోయి మళ్లీ చేయి ముంచాడు. ఆ మొండితనానికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా అత్త గడప మీద కూర్చుని అంతా వింటూనే ఉంది.

రెండు మూడు రోజులకు పోలీసు పటేలు వచ్చాడు. ఊరి పటేలు, మాకు కొత్తవాడు కాదు, మా చేపలు తిని పెరిగినవాడు. ఇంట్లోకి రాకుండా వాకిట్లోనే నిలబడి మా అత్తతో అన్నాడు. "అవ్వా, గాలి తిరిగింది. మీ కుండల వాసన డేరాలకు పోతున్నది. సాబ్ కోపంగున్నడు. ఎక్కడిదీ కంపు, పోయి జూడున్రి అన్నడు. జర సూసుకో."

మర్నాడు చీకటితోనే, మిలిటరీవాళ్ల కంటపడకుండా చేలకు అడ్డంపడి మేమిద్దరం ఎండుచేపల గంపలతో హయత్‌నగర్ పోయాం. ఆ రోజు ఇంట్లో మా అత్త ఒక్కతే ఉంది. కంపు పట్టుకుని మిలిటరీవాళ్లు ఇంటికి వస్తారు, వస్తే కొడుకు చేతులు చూస్తారు, ఆమెకు ఆ ఒక్క భయం తప్ప ఇంకేమీ కనబడలేదు. కంపు పోవాలంటే ఏం చేయాలి? పులుసు పాడైపోతుందనుకుంటే మళ్లీ ఒక పొంగు రానిస్తాం కదా, ఆమె కూడా అదే చేసింది. కుండలన్నీ తోడి గంగాళంలో పోసి, కొట్టం వెనక మూడు రాళ్లు పెట్టి బుడగలు వచ్చేదాకా తెర్ల కాచింది. చల్లార్చి, తిరిగి కుండల్లోనే పోసి, ఎప్పటిలాగే గుడ్డలు కట్టింది. కొడుకు కోప్పడతాడని ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున పెరట్లో వాసన తక్కువగానే ఉంది. ఎండ ఇంకా ఎక్కలేదు కదా అనుకున్నాను. అంతలోనే వాళ్లు వచ్చారు. నలుగురైదుగురు జవాన్లు, ఒక ఆఫీసరు, వెనక పటేలు. ఇల్లంతా తిరగేశారు. వలలు విప్పి చూశారు. ఏమీ దొరకలేదు. పోతారనుకున్నాను. ఆఫీసరు మా ఆయనవైపు తిరిగి హాత్ అన్నాడు.

మా ఆయన చేతులు చాపాడు. ఆఫీసరు ఒక వేలు పట్టుకుని వెలుగువైపు తిప్పి చూశాడు. తర్వాత ఇంకొక వేలు. పటేలుతో ఏదో అన్నాడు. పటేలు ముఖం పాలిపోయింది.

"బాంబుల మసాలాతోని కాలినయంటున్నడు," అన్నాడు పటేలు.

"మసాలా గాదు, చేపల పేగులు. బొప్పాయి పాలు. నీకు ఎర్కలేదా పటేలా? నువ్వు చెప్పరాదా?" అన్నాడు మా ఆయన.

పటేలు చెప్పాడు. చెప్పాడు గానీ, మన మీదికి రాకుండా చెబుతాం చూడండి, అట్లా చెప్పాడు. ఆఫీసరు నవ్వాడు. బొప్పాయి తింటే కడుపుకు మంచిదంటారు, చేతులు తింటుందని ఇప్పుడే వింటున్నాను అన్నాడట. జవాన్లు కూడా నవ్వారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "నవ్వుడెందుకు? ఒక మాంసం ముక్క కుండల ఏసి జూడున్రి. పొద్దుగూకే లోపు కరగకపోతే అప్పుడు తీస్కపోన్రి," అన్నాను. ఆడది అట్లా మాట్లాడితే జనం బిత్తరపోయే కాలమది. పటేలు నా మాటను ఎంత మెత్తగా మార్చి చెప్పాడో తెలియదు కానీ ఆఫీసరు ఒప్పుకున్నాడు. ఆయన దుర్మార్గుడని నేననను. మా ఊరి ఎండలో విసిగిపోయి ఉన్నాడు, లారీ రావడానికి ఇంకా పొద్దుంది. ఒక జవాను డేరాల దగ్గర వంటవాడి నుంచి మేక మాంసం ముక్క పలుచగా కోయించి తెచ్చాడు. దానికి దారం కట్టి కుండలోకి దించారు. ఆఫీసరు మా మంచం చింత చెట్టు నీడకు ఈడ్పించుకుని కూర్చున్నాడు. మా ఆయనను గోడకు ఆనుకుని కూర్చోమన్నారు.

నాకు భయం లేదు. ఆ ఎండకు ఆ కుండలో పలుచటి ముక్క మధ్యాహ్నానికల్లా జిగురుగా తయారై, పొద్దు వాలేసరికి దారం ఊరికే పైకొస్తుందని నాకు తెలుసు. ఎన్నోసార్లు చూశాను. ధీమాగా పోయి జవాన్లకు మంచినీళ్లు కూడా ఇచ్చాను. అప్పుడు మా అత్త నా కొంగు పట్టుకుని వంటింట్లోకి లాగింది.

"ఏందత్తమ్మా?"

"ఉడకబెట్టిన," అంది. "నిన్న. అన్ని కుండలు. కంపు పోతదని."

ఉడికిన కుండ పనిచేయదని మా ఇంట్లో అందరికంటే ఆమెకే బాగా తెలుసు. ఎండలో ఉంచాలి గానీ పొయ్యి మీద పెట్టొద్దని నాకు చెప్పింది ఆమే. భయం ముందు తెలిసిందంతా ఎటో పోతుంది కాబోలు. ఆమెను తిట్టాలని నోటిదాకా వచ్చింది. ఆ ముఖం చూసి మింగేశాను.

వెనక బొప్పాయి చెట్ల మీద కాయలన్నీ అప్పటికే కుండల్లోకి పోయాయి. వెతికితే ఒకే ఒక్క పిందె దొరికింది, నా పిడికిలంత కూడా లేదు. దాన్ని తీసుకుని పెరట్లోకి వచ్చాను. "రోజూ ఒక కాయ ఏస్తం సాబ్, రివాజు," అన్నాను పటేలు వైపు చూస్తూ. ఆఫీసరు వేయమన్నట్టు చేయి ఊపాడు. పిందెకు గోళ్లతో గీతలు పెట్టాను. పాలు బొట్లు బొట్లుగా కారి, అంతలోనే ఆగిపోయాయి. దాన్ని పిసికి, చేయి ముంచి, అడుగు నుంచి కలిపాను. మా ఆయన గోడ దగ్గర నుంచి నన్నే చూస్తున్నాడు. నేను ఆడదాన్ని, కుండలో చేయి పెట్టే రివాజు మా ఇంట్లో లేదు. ఏదో తప్పు జరిగిందని ఆయనకు అప్పుడే అర్థమైంది.

ఎదురుచూడడం అంటే ఏమిటో నాకు ఆ మధ్యాహ్నం తెలిసింది. ఈగలు ముసురుతున్నాయి. ఎండ ఇంకా ఇంకా కాయాలని జీవితంలో ఆ ఒక్కరోజే మొక్కుకున్నాను. లారీ చప్పుడు వినబడ్డప్పుడు నీడలు ఇంకా పూర్తిగా సాగలేదు.

జవాను దారం పైకి లాగాడు. ముక్క వచ్చింది. అంచులు కాస్త నానినట్టు ఉన్నాయి, అంతే. జవాను రెండు చేతులతో పట్టుకుని గుంజాడు. తెగలేదు.

"ఇంకా జర ఆగున్రి," అన్నాను.

అప్పుడు మా అత్త ఆఫీసరు కాళ్ల ముందు కూలబడింది. "తప్పు నాది సాబ్. కుండను నేను ఉడకబెట్టిన. ఉడికినంక అది కరగబెట్టది. నా కొడుకును ఇడిశిపెట్టున్రి," అని నేల మీద తల పెట్టింది. పటేలు ఆ మాటను ఉన్నదున్నట్టు చెప్పాడు, అప్పుడు మాత్రం భయపడలేదు. ఆఫీసరు విని, ఏదో అని, లేచి టోపీ పెట్టుకున్నాడు.

"ఏమంటున్నడు?" అని అడిగింది మా అత్త.

పటేలు ఆమె వైపు చూడకుండా చెప్పాడు. "ఉడికిస్తే మాంసం మెత్తబడుతది గదా, చిన్నపిల్లకైనా ఎర్కనే అంటున్నడు."

మా ఆయనను లారీ ఎక్కించారు. ఎక్కుతూ తల్లివైపు చూసి, "అవ్వా, కంపు పోయిందిలే," అన్నాడు. కోపంతో కాదు, ఆమె ఏడవకూడదని. ఆ మాటకు ఆమె ఇంకా ఏడ్చింది. లారీ హయత్‌నగర్ వైపు తిరిగింది.

ముక్క కుండ పక్కన నేల మీద పడి ఉంది. నేను దాన్ని మళ్లీ కుండలోకే విసిరాను, ఎందుకో నాకే తెలియదు. మర్నాడు మధ్యాహ్నం చేయి పెట్టి చూస్తే వేళ్ల మధ్య జావలా జారింది. ఆ చిన్న పిందె పాలు వాటి పని అవి చేశాయి, లారీ పోయిన తర్వాత. ఆ ముద్దను మోదుగాకులో పెట్టుకుని డేరాల దగ్గరికి పరిగెత్తాను. కాపలావాడు ముక్కు మూసుకుని తుపాకీ మడమతో నన్ను వెనక్కి నెట్టాడు. ఆఫీసరు పట్నం పోయాడట. ఆ ఆకును కాపలావాడి బూట్ల మీద బోర్లించి వచ్చేశాను. వాడు కాల్చలేదు, ఎందుకు కాల్చలేదో వాడినే అడగాలి.

ఆ వారం నుంచి మా అత్త కుండ కలపడం మొదలుపెట్టింది. చేత్తో. ఆముదం రాసుకోదు, బూడిదతో కడుక్కోదు. పచ్చి బొప్పాయి ఎక్కడెక్కడి నుంచో అడిగి తెచ్చేది, కుండలో వేసే ముందు ఆ పాలను అరచేతులకు పట్టించుకునేది. వద్దని చేయి పట్టుకుంటే విదిలించేది. కొద్దిరోజుల్లోనే ఆమె అరచేతులు కొడుకు చేతుల కంటే ఘోరంగా లేచిపోయాయి. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే డేరాల ముందు నిలబడి, చేతులు చాపి, వచ్చేపోయే ప్రతి మిలిటరీవాడికి చూపించేది.

"నేను గూడ బాంబులు జేసిన్నా? నన్ను గూడ తీస్కపోన్రి," అనేది. కొందరు తరిమారు. కొందరు తల తిప్పుకున్నారు. ఎండాకాలం పోయి వానలు పడ్డాయి, ఆమె గోనెపట్టా కప్పుకుని వానలోనూ నిలబడింది. డేరాల్లో ఆఫీసర్లు మారారు. కొత్తగా వచ్చినాయన ఒకరోజు ఆగి, ఆమె చేతులు చూసి, పటేలును పిలిపించి ఏవో అడిగాడు. అంతకు మించి మాకేమీ తెలియలేదు.

చలి మొదలయ్యాక మా ఆయన హయత్‌నగర్ నుంచి నడిచి వచ్చాడు. గడ్డం పెరిగింది, మనిషి సగమయ్యాడు. జైల్లో వేసిన మొదటి రోజు కాగితం మీద వేలు ఒత్తిస్తే గీతలు పడక మరక మాత్రమే పడిందట, దాంతో అనుమానం ఇంకా పెరిగిందట. కుండకు దూరమయ్యాక చర్మం దానంతటది వచ్చింది. బాంబుల మందుతో కాలితే మచ్చ పోదు, ఇవి కాలిన చేతులు కావని జైలు దవాఖానలో డాక్టరు అన్నాడట. వదిలింది అందుకోసమో, ఇక్కడ మా అత్త చూపించిన చేతుల కోసమో, లేక ఊరికే వదిలారో, నాకు ఈనాటికీ తెలియదు.

మా అత్త కొడుకును చూసి ఏడవలేదు. కాళ్లకు నీళ్లియ్యమని నాకు చెప్పి, తానే అన్నం పెట్టడానికి కూర్చుంది. చేతుల మీదికి కొంగు లాక్కుని గరిటె పట్టుకుంది. మిరపకాయ తొక్కు మాత్రం గరిటెతో రాదు కదా, వేళ్లతో తీసి కంచంలో వేయబోయి ఒక్కసారి చేయి వెనక్కి లాక్కుంది. కొంగు జారింది.

మా ఆయన తినడం ఆపి ఆ చేతులు చూశాడు. తన చేతులు చూసుకున్నాడు, జైల్లో రాళ్లు కొట్టి కాయలు కాచిన చేతులు. "అవ్వా, గివేం చేతులే?" అన్నాడు.

"ఏం లేదు. కుండ కలిపిన," అంది ఆమె. "తిను బిడ్డా."

ఆయన కంచం పక్కకు జరిపి లేచాడు. ఆముదం గిన్నె తెచ్చుకుని తల్లి ముందు కూర్చుని, ఆ రెండు అరచేతులకూ మెల్లగా నూనె పట్టించాడు. ఆమె కళ్లు మూసుకుంది. చేతులు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు మా ఆయన చింత చెట్టెక్కి ఒక కొమ్మ నరికి, చెక్కి, నున్నగా చేసి కుండల పక్కన గోడకు ఆనించాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరి చేయీ కుండలో పడలేదు. కట్టెకు ఏ ముద్ద గట్టిగా ఉందో, ఏది కరిగిందో తెలియదు. మా కుండలు తరచూ చెడిపోయేవి. తోటలవాళ్లు మొదట గొణిగారు, తర్వాత రావడం మానేశారు. నోరు మంచిది కాని నేను కూడా ఆ కట్టె గురించి ఏనాడూ ఒక్క మాట అనలేదు.